పదో తరగతి లెక్కలు: బేసిక్ రాయించాలా, స్టాండర్డ్ రాయించాలా?

సీబీఎస్ఈ స్కూల్లో పదో తరగతి చదివే పిల్లలున్న ఇంటికి ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో ఒక ఫారం వస్తుంది. పరీక్ష రాసేవాళ్ల జాబితాను స్కూలు బోర్డుకు పంపాలి, దానికోసం వివరాలు అడుగుతారు. అందులో మ్యాథ్స్ దగ్గర రెండు గడులు ఉంటాయి: స్టాండర్డ్, కోడ్ 041. బేసిక్, కోడ్ 241. ఏదో ఒకదానికి టిక్ పెట్టి రెండు మూడు రోజుల్లో పంపమంటారు. చాలా ఇళ్లలో అప్పటిదాకా ఈ సంగతి మాట్లాడుకుని ఉండరు. అప్పుడు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలవుతుంది. "బేసిక్ తీసుకుంటే ఇంజనీరింగ్ మర్చిపోవాల్సిందే" అని ఒకరు. "ఏం కాదండీ, మావాడు హాయిగా మంచి మార్కులు తెచ్చుకున్నాడు" అని మరొకరు. రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. మీ పిల్లల విషయంలో ఏ సగం వర్తిస్తుందో తేల్చుకోవాలి.

నేను హైదరాబాద్‌లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు కింద చదవండి. పదో తరగతి తర్వాత మ్యాథ్స్ చదివే అవకాశం కొంచెమైనా ఉంటే స్టాండర్డ్. ఇక లెక్కల జోలికి పోనని పిల్లలే తేల్చుకుంటే, అది నిలకడగా ఉన్న నిర్ణయమే అయితే, మొహమాటం లేకుండా బేసిక్. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాళ్ల కోసమే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం.

మన స్టేట్ బోర్డు ఎస్సెస్సీలో, ఐసీఎస్ఈలో ఈ గొడవ లేదు. అక్కడ లెక్కలకు ఒకటే స్థాయి. సీబీఎస్ఈలో 2020 బోర్డు పరీక్షల నుంచి రెండు స్థాయిలు వచ్చాయి. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ స్కూళ్లలో కోర్, ఎక్స్‌టెండెడ్ అని ఇలాంటిదే ఉంది కానీ దాని లెక్క వేరు. అది చివర్లో విడిగా రాశాను.

ముందు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది పదో తరగతి తర్వాత దారి. ఇంటర్‌లో ఎంపీసీ, ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్), బైపీసీ, సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), లేదా సీబీఎస్ఈలోనే పదకొండు, వీటిలో ఏది అన్నది. ఆ నిర్ణయం ఎంత గట్టిదో కూడా చూడండి. సెప్టెంబరులో "బైపీసీ" అన్న అమ్మాయి మే నెలలో "ఎంపీసీ" అనడం మన ఊళ్లో ప్రతి ఏడాదీ జరిగేదే. స్నేహితులంతా ఒక కాలేజీలో చేరుతున్నారనో, బావగారి అబ్బాయికి మంచి సీటు వచ్చిందనో మనసు మారుతుంది.

రెండోది, పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు. భిన్నాలు, గుర్తులు, సమీకరణం సర్దడం లాంటి పునాది దగ్గర తప్పులు పోతున్నాయా? లేక పునాది బాగానే ఉండి, ప్రశ్నను కొంచెం తిప్పి అడిగితే తెల్లమొహం వేస్తున్నారా? ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. "లెక్కల్లో వీక్" అని ఒకే మాటతో చెప్పేస్తే అసలు సమస్య కనబడదు.

మూడోది టెన్షన్. లెక్కల పరీక్ష ముందు రోజు అన్నం మానేసే పిల్లలు, హాల్లో చెయ్యి వణికి తెలిసిందీ రాయలేని పిల్లలు ఉంటారు. వాళ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మార్కులు నాలుగో స్థానంలో వస్తాయి. వాటిని అంత కిందకు ఎందుకు నెట్టానో బేసిక్ గురించి రాసిన చోట చెబుతాను.

రెండింటిలో ఏది ఒకటి, ఏది వేరు

| విషయం | స్టాండర్డ్ (041) | బేసిక్ (241) |
|---|---|---|
| సిలబస్, పుస్తకం | ఎన్సీఈఆర్టీ, మొత్తం పాఠాలు | అదే |
| క్లాసులో బోధన | అందరికీ కలిపి | అదే |
| బోర్డు పేపర్ | 80 మార్కులు, 3 గంటలు, 38 ప్రశ్నలు | అదే |
| ఇంటర్నల్ మార్కులు | 20 | 20 |
| గుర్తుంచుకుని, అర్థం చేసుకుని రాసేవి | 43 మార్కులు | 60 మార్కులు |
| నేర్చుకున్నది అన్వయించేవి | 19 మార్కులు | 12 మార్కులు |
| విశ్లేషించి, ఆలోచించి రాయాల్సినవి | 18 మార్కులు | 8 మార్కులు |
| మార్కుల మెమోలో | స్టాండర్డ్ అని, కోడ్‌తో | బేసిక్ అని, కోడ్‌తో |

ఈ పట్టికలో మొదటి రెండు వరసలు చాలామంది తల్లిదండ్రులకు తెలియవు. బేసిక్ అంటే కొన్ని పాఠాలు తీసేస్తారనుకుంటారు. ఒక్క పాఠం కూడా తగ్గదు. ఆల్జీబ్రాకు 20 మార్కులు, జామెట్రీకి 15, ట్రిగొనామెట్రీకి 12, స్టాటిస్టిక్స్, ప్రాబబిలిటీలకు కలిపి 11 అన్న పంపకం కూడా రెండింటికీ ఒకటే. ఒక మార్కు ప్రశ్నలు ఇరవై, రెండు మార్కులవి ఐదు, మూడు మార్కులవి ఆరు, ఐదు మార్కులవి నాలుగు, కేస్ స్టడీలు మూడు, ఇవి కూడా రెండు పేపర్లలోనూ ఉంటాయి. మారేది అడిగే తీరు మాత్రమే.

ఆ తీరు ఎలా మారుతుందో చూపడానికి రెండు జతలు రాస్తున్నాను. ఇవి నేను తయారు చేసినవే.

ట్రిగొనామెట్రీలో బేసిక్ తరహా: టవర్ అడుగు నుంచి 30 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే పైకొన 30 డిగ్రీల కోణంలో కనిపిస్తోంది. టవర్ ఎత్తు ఎంత? బొమ్మ గీసి, టాన్ 30 విలువ పెడితే 10√3 మీటర్లు వచ్చేస్తుంది. స్టాండర్డ్ తరహా: ఒక చోట నిలబడితే కోణం 30 డిగ్రీలు, టవర్ వైపు 40 మీటర్లు నడిచాక 60 డిగ్రీలు. టవర్ ఎత్తు ఎంత? ఇక్కడ రెండు త్రిభుజాలు గీయాలి, తెలియని దూరానికి ఒక పేరు పెట్టుకోవాలి, రెండు సమీకరణాలు కలపాలి. జవాబు 20√3 మీటర్లు. వాడిన సూత్రం అదే టాన్.

అర్థమెటిక్ ప్రోగ్రెషన్‌లో బేసిక్ తరహా: 3, 8, 13 అని సాగే శ్రేణిలో 20వ పదం ఎంత? 98. స్టాండర్డ్ తరహా: మొదటి 5 పదాల మొత్తం 45, మొదటి 10 పదాల మొత్తం 165. 20వ పదం ఎంత? మొదటి పదం 3 అని, తేడా 3 అని ముందు బయటికి లాగితే గాని 60 అన్న జవాబు రాదు.

ఈ జతల్లో మొదటి ప్రశ్నకే మీ అబ్బాయి తడబడితే బేసిక్ టిక్ పెట్టినంత మాత్రాన ఒడ్డున పడడు. పునాది మీద పని చెయ్యాల్సిందే. మొదటిది చకచకా చేసి రెండోదాని దగ్గర ఆగిపోతే అది సాధనతో దాటగలిగే అడ్డు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దానికి సరిపడా సమయం ఉంది. స్టాండర్డ్ పేపర్లో కూడా 43 మార్కులు నేరుగా అడిగే ప్రశ్నలకే ఉన్నాయన్నది మరిచిపోకండి. పాస్ కావడానికి థియరీ, ఇంటర్నల్ కలిపి 33 చాలు. కాబట్టి "స్టాండర్డ్ తీసుకుంటే ఫెయిలవుతాడేమో" అన్న భయం చాలామంది విషయంలో అనవసరం.

స్టాండర్డ్: ఇచ్చేది, అడిగేది

స్టాండర్డ్ ఇచ్చేది ఒకటే, కానీ పెద్దది. ఏ దారీ మూసుకోదు. సీబీఎస్ఈలో పదకొండో తరగతి మ్యాథ్స్ తీసుకోవచ్చు, ఇంటర్‌లో ఎంపీసీ, ఎంఈసీ ఏదైనా చేరవచ్చు, ఎవరినీ బతిమాలుకోవాల్సిన పని లేదు.

దానికి తోడు, స్టాండర్డ్ కోసం చేసే సాధన ముందు చదువుకు పనికొస్తుంది. టీజీ ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలుంటే 80 మ్యాథ్స్‌వే. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నల్లో 25 మ్యాథ్స్. ఇంటర్ మొదటి ఏడాది మొదటి నెలలోనే పిల్లలు తడబడేది కొత్త పాఠాల వల్లే కాదు. రెండు మూడు మెట్లున్న లెక్కను సొంతంగా విడగొట్టుకునే అలవాటు లేక తడబడతారు. స్టాండర్డ్ పేపర్ కోసం సీరియస్‌గా చదివిన పిల్లలకు ఆ అలవాటు కొంతైనా ఉంటుంది.

అడిగేది సమయం. రోజుకు ఓ గంట లెక్కలకు అదనంగా పెట్టాల్సి రావచ్చు. ఆ గంట సైన్స్ నుంచో సోషల్ నుంచో తీసుకుంటారు. లెక్కలు ఒక్కటి మోయడానికి మిగతా నాలుగింటినీ నిర్లక్ష్యం చేసే పరిస్థితి వస్తే స్టాండర్డ్ గురించి మళ్లీ ఆలోచించాలి.

బేసిక్: ఇచ్చేది, తీసుకునేది

బేసిక్ ఇచ్చేది పరీక్ష హాల్లో ఊపిరి. ఎన్సీఈఆర్టీ ఉదాహరణలు, అభ్యాసాలు శ్రద్ధగా చేసిన విద్యార్థికి పేపర్లో తెలియనిది అన్నట్టు కనిపించేది చాలా తక్కువ. భయం తగ్గితే తప్పులూ తగ్గుతాయి. సున్నితమైన పిల్లలకు ఇది నిజంగా మేలు చేస్తుంది.

తీసుకునేదాని గురించి నియమం తెలిసి ఉండాలి. మొదట పెట్టినప్పుడు బోర్డు ఉద్దేశం స్పష్టంగా ఉంది: పై తరగతుల్లో మ్యాథ్స్ తీసుకోని వాళ్ల కోసమే బేసిక్. బేసిక్ రాసినవాళ్లు పదకొండులో మ్యాథ్స్ 041 తీసుకోకూడదు, అప్లైడ్ మ్యాథమెటిక్స్ తీసుకోవచ్చు. కోవిడ్ కాలంలో దీనికి సడలింపు ఇచ్చారు, తర్వాత కూడా కొనసాగించారు. 2024-25కు ఇచ్చిన సడలింపులో, విద్యార్థికి మ్యాథ్స్ చదివే ఆసక్తి, సామర్థ్యం ఉన్నాయని స్కూలు ప్రిన్సిపాల్‌కు నమ్మకం కుదరాలని కూడా చెప్పారు. అంటే తలుపు తెరిచే తాళం మీ చేతిలో ఉండదు, ప్రిన్సిపాల్ చేతిలో ఉంటుంది. పైగా సడలింపు ఏ ఏడాదికి ఆ ఏడాది వచ్చేది. దాన్ని నమ్ముకుని ఇప్పుడే ప్లాన్ వేసుకోవద్దని నా సలహా.

అప్లైడ్ మ్యాథమెటిక్స్ చిన్న చూపు చూడాల్సిన సబ్జెక్టేం కాదు. కామర్స్ వైపు వెళ్లే పిల్లలకు అది చక్కగా పనికొస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ బీకాం ఆనర్స్ లాంటి కోర్సులు దాన్ని ఒప్పుకుంటాయి. ఇంజనీరింగ్‌కు మాత్రం దాన్ని నమ్ముకోకూడదు. ఇంకో సంగతి, పన్నెండో తరగతి అప్లైడ్ మ్యాథమెటిక్స్ కోడ్ కూడా 241. పదో తరగతి బేసిక్ కోడ్ అదే కావడంతో ఫారాలు నింపేటప్పుడు కొందరు కంగారు పడతారు. రెండూ వేరు.

ఇక మార్కుల సంగతి. బేసిక్‌లో ఎక్కువ మార్కులు వస్తాయి కాబట్టి అదే మేలన్నది నేను ఎక్కువగా వినే వాదన. ఆ ఎక్కువ మార్కులు ఎక్కడ ఖర్చు పెడతారో చెప్పండి. జేఈఈ ర్యాంకులో పదో తరగతి మార్కులు లెక్కలోకి రావు. టీజీ ఈఏపీసెట్‌లో అయితే ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా తీసేశారు. ఢిల్లీ యూనివర్సిటీ లాంటి చోట డిగ్రీ సీటుకు సీయూఈటీ ప్రవేశ పరీక్ష స్కోరు చూస్తారు. కాలేజీ ఫీజు రాయితీ కోసం మార్కులు కావాలంటే, రాయితీ ఇచ్చేవాళ్లు మెమోలో బేసిక్ అన్న మాట కూడా చదువుతారు. ఓ పది మార్కుల తేడా కోసం దారిని ఇరుకు చేసుకోవడం నష్టమే. అయితే పాస్, ఫెయిల్ గీత దగ్గర ఉన్న పిల్లలకు ఆ పది మార్కులే ప్రాణం. వాళ్లకు ఈ వాదన వర్తించదు.

మీ పిల్లలు ఎటు

*ఎంపీసీ, ఇంజనీరింగ్ అనుకునేవాళ్లు.* స్టాండర్డ్. ఇందులో రెండో మాట లేదు. ఇంట్లో అందరూ ఇంజనీరింగ్ అంటున్నారు, పిల్లవాడు మాత్రం బేసిక్ అడుగుతున్నాడు అంటే, ఆ అడగడంలో ఒక సమాచారం ఉంది. టిక్ సంగతి కాసేపు పక్కన పెట్టి, వాడికి ఎంపీసీ నిజంగా ఇష్టమేనా అని కూర్చుని మాట్లాడండి. కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు డిసెంబరు, జనవరి నుంచే ఫోన్లు మొదలుపెడతారు. వాళ్లు అడ్వాన్స్ కట్టించుకోకముందే ఈ మాట తేలడం మంచిది.

*సీబీఎస్ఈ నుంచి ఇంటర్‌కు మారేవాళ్లు.* హైదరాబాద్‌లో ఇదే పెద్ద గుంపు. పదో తరగతి దాకా సీబీఎస్ఈలో చదివించి, తర్వాత కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మాదాపూర్‌లోనో జూనియర్ కాలేజీలో వేస్తారు. పదకొండులో మ్యాథ్స్ గురించి సీబీఎస్ఈ పెట్టిన షరతు దాని సొంత స్కూళ్ల కోసం పెట్టింది. అందుకే "ఇంటర్‌కి వెళ్తే బేసిక్ అడ్డు రాదు" అని కొందరు ధైర్యం చెబుతారు. నేను ఆ మాట నోటిమాటగా నమ్మను. బేసిక్ తీసుకుని ఎంపీసీలో చేరే ఆలోచన ఉంటే, చేరబోయే కాలేజీ అడ్మిషన్ల వాళ్లను ముందే అడిగి, జవాబు మెయిల్‌లోనో కాగితం మీదో తీసుకోండి. ఫోన్లో ఇచ్చిన హామీ జూన్ నాటికి గాలికి పోవచ్చు.

*బైపీసీ వైపు గట్టిగా ఉన్నవాళ్లు.* ఇంటర్ బైపీసీలో మ్యాథ్స్ ఉండదు, నీట్‌లోనూ ఉండదు. బేసిక్ తీసుకోవచ్చు. కానీ ఫిజిక్స్ ఉంది. గ్రాఫులు చదవడం, సైన్, కాస్ విలువలు, నిష్పత్తులు, వర్గ సమీకరణాలు అక్కడ రోజూ తగులుతాయి. ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ పేపర్లోనూ ఫిజిక్స్‌కు 40 ప్రశ్నలున్నాయి. బేసిక్ రాసినా ట్రిగొనామెట్రీ, ఆల్జీబ్రా మాత్రం స్టాండర్డ్ పిల్లలంత బాగా చేయించండి. పాఠాలు ఎలాగూ ఒకటే కదా. డాక్టర్ కావాలన్న కోరిక తల్లిదండ్రులదే అయి, పిల్లలది ఇంకా తేలకపోతే స్టాండర్డే మంచిది.

*కామర్స్.* ఇక్కడ కొంచెం ఆగాలి. సీఈసీ తీసుకుని బీకాం, లా అనుకునేవాళ్లకు బేసిక్ సరిపోతుంది. లా ప్రవేశ పరీక్ష క్లాట్‌లో వచ్చే లెక్కలు పదో తరగతి స్థాయివే, పేపర్లో దాదాపు పదో వంతు. సీఏ ఫౌండేషన్‌లో మాత్రం క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ అని 100 మార్కుల పేపర్ ఉంది. బిజినెస్ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ అందులోనే. ఎంఈసీ తీసుకుంటే ఇంటర్‌లో ఎంపీసీ వాళ్లు చదివే మ్యాథ్సే చదవాలి. "కామర్స్‌కు లెక్కలెందుకు" అనుకుని బేసిక్ టిక్ పెట్టి, తర్వాత ఎంఈసీలో చేర్చి ఇబ్బంది పడే కుటుంబాలున్నాయి. సీఏ లక్ష్యమైతే స్టాండర్డ్ ప్రయత్నించమంటాను.

*పైలట్, ఎన్డీఏ, ఆర్కిటెక్చర్ కలలు.* ఇవి పైకి ఇంజనీరింగ్‌లా కనబడవు కాబట్టి మ్యాథ్స్ అవసరం లేదనుకుంటారు. సైనికాధికారుల శిక్షణకు పెట్టే ఎన్డీఏ రాత పరీక్షలో మ్యాథ్స్‌కే 300 మార్కులు. బీఆర్క్‌కు పన్నెండులో మ్యాథ్స్ కావాలి. స్టాండర్డ్ తీసుకోండి.

*డిజైన్, హోటల్ మేనేజ్‌మెంట్, భాషలు, జర్నలిజం, ఫైన్ ఆర్ట్స్.* బేసిక్. ఆ సమయం వాళ్లకు ఇష్టమైన పనికి ఇవ్వండి.

*ఏదీ తేలనివాళ్లు.* పదిహేనేళ్లకు తేలకపోవడం సహజం. పాస్ భయం లేనంతవరకు స్టాండర్డ్.

*లెక్కలంటే నిజంగా భయపడేవాళ్లు, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు.* డిస్లెక్సియా, డిస్కాల్‌క్యులియా లాంటివి ఉంటే ముందు ప్రత్యేక అవసరాల కేటగిరీ కింద సర్టిఫికెట్ తెచ్చి స్కూలు ద్వారా బోర్డుకు దరఖాస్తు పెట్టండి. 3 గంటల పేపర్‌కు అదనంగా గంట ఇస్తారు. ఆ గంటతో స్టాండర్డ్ రాయగలిగే పిల్లలూ ఉంటారు. అది సాధ్యం కాకపోతే బేసిక్ రాయించండి. చుట్టాల ముందు దాచాల్సిన విషయంగా మాత్రం దాన్ని చూడకండి. ఇంట్లో పెద్దవాళ్లు బేసిక్ అన్న మాట గొంతు తగ్గించి పలికితే పిల్లలకు వెంటనే అర్థమైపోతుంది, అది చాలా రోజులు బాధిస్తుంది.

ఇంట్లోనే చేయగల పరీక్ష

అభిప్రాయాల కంటే ఆధారం మేలు. సీబీఎస్ఈ అకడమిక్ వెబ్‌సైట్లో ఏటా స్టాండర్డ్‌కు, బేసిక్‌కు విడివిడిగా శాంపిల్ పేపర్లు, మార్కులు వేసే పద్ధతితో సహా ఉచితంగా పెడతారు. పాత పేపర్ల పుస్తకాలు కోఠిలో దొరుకుతాయి.

అప్పటికి అయిన పాఠాల ప్రశ్నలు మాత్రమే తీసుకుని, ఒక ఆదివారం పొద్దున స్టాండర్డ్ పేపర్ ఇవ్వండి. ఫోన్ వేరే గదిలో పెట్టించండి, గడియారం ఎదురుగా ఉంచండి. వారం తర్వాత బేసిక్ పేపర్. దిద్దేటప్పుడు బోర్డు ఇచ్చిన పద్ధతి ప్రకారం మెట్టు మెట్టుకూ మార్కులు వేయండి. చివరి జవాబు తప్పైనా మెట్లకు మార్కులుంటాయి, ఇది పిల్లలకూ చూపించండి.

మొత్తం ఎంతొచ్చిందన్నది ఒకటి, ఎక్కడ పోయాయన్నది ఇంకొకటి. నేను పెట్టుకున్న గీతలు ఇవి, బోర్డువి కావు: స్టాండర్డ్ పేపర్లో 80కి లెక్కగడితే 40 దాటితే నిస్సంకోచంగా స్టాండర్డ్. 25 నుంచి 40 మధ్య ఉంటే దారి చూసి నిర్ణయించాలి, పైన రాసినవి ఇక్కడే పనికొస్తాయి. 25 కంటే తక్కువ వచ్చి, పోయినవన్నీ ఒకటి, రెండు మార్కుల ప్రశ్నల్లోనే అయితే బేసిక్ గురించి గట్టిగా ఆలోచించాలి, పునాది సాధన ఆ రోజే మొదలుపెట్టాలి. బేసిక్ పేపర్లో, స్టాండర్డ్ పేపర్లో దాదాపు ఒకేలా మార్కులు వస్తే బేసిక్ వల్ల ఆ విద్యార్థికి లాభం లేదన్నమాట. ఇలా జరగడం మీరనుకునేంత అరుదు కాదు.

స్కూల్లో లెక్కల టీచర్‌ను కూడా అడగండి. అడిగేటప్పుడు "ఏది తీసుకోమంటారు" అనకండి. కొన్ని స్కూళ్లు తమ ఫలితాలు బాగా కనబడాలని అందరినీ ఒకే వైపు తోస్తాయి. "మా అమ్మాయి ఏ పాఠంలో, ఏ రకం ప్రశ్న దగ్గర ఆగుతోంది" అని అడిగితే నిజమైన జవాబు వస్తుంది.

ఐజీసీఎస్ఈ స్కూళ్లలో: కోర్, ఎక్స్‌టెండెడ్

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు కేంబ్రిడ్జ్ స్కూళ్లలో చదివే పిల్లల తల్లిదండ్రులు పైన చదివింది ఇక్కడ అన్వయించుకోవద్దు. రెండు పెద్ద తేడాలున్నాయి.

మొదటిది, ఇక్కడ సిలబస్సే వేరు. మ్యాథమెటిక్స్ 0580లో కోర్ పాఠాలన్నీ ఎక్స్‌టెండెడ్‌లో ఉంటాయి, వాటి మీద ఇంకా చాలా ఉంటాయి. ఫంక్షన్లు, సైన్ రూల్, కొసైన్ రూల్, వర్గ సమీకరణాల సూత్రం లాంటివి ఎక్స్‌టెండెడ్ వాళ్లకే. అందుకే ఆఖరి నిమిషంలో కోర్ నుంచి ఎక్స్‌టెండెడ్‌కు దూకడం కష్టం, అటు నుంచి ఇటు రావడం తేలిక. రెండోది, కోర్‌లో ఎంత బాగా రాసినా సి గ్రేడు దాటదు. కోర్ గ్రేడులు సి నుంచి జి దాకా, ఎక్స్‌టెండెడ్‌వి ఎ స్టార్ నుంచి ఇ దాకా.

| విషయం | కోర్ | ఎక్స్‌టెండెడ్ |
|---|---|---|
| పేపర్లు (2025 నుంచి) | 1, 3 | 2, 4 |
| ఒక్కో పేపర్ | గంటన్నర, 80 మార్కులు | 2 గంటలు, 100 మార్కులు |
| క్యాలిక్యులేటర్ | ఒక దాంట్లో ఉండదు, ఒక దాంట్లో ఉంటుంది | అదే |
| పై హద్దు | సి | ఎ స్టార్ |
| కింది హద్దు | జి | ఇ, దానికి దిగితే గ్రేడు లేదు |

కింది హద్దు సంగతి జాగ్రత్తగా చూడండి. ఎక్స్‌టెండెడ్‌లో ఇ కూడా రాకపోతే చేతిలో ఏమీ మిగలదు. కోర్‌లో అదే విద్యార్థికి డి గానీ ఇ గానీ వచ్చి ఉండేది. మరోవైపు, సి గ్రేడు కోసం ఎక్స్‌టెండెడ్‌లో కావాల్సిన మార్కుల శాతం కోర్‌లో కావాల్సినదానికంటే బాగా తక్కువ ఉంటుంది. అందుకే సి దగ్గర ఊగిసలాడే పిల్లలకు, పాఠాలన్నీ ఒకసారి పూర్తయి ఉంటే, ఎక్స్‌టెండెడ్ మేలని నా అభిప్రాయం. సగం పాఠాలు అర్థం కాకుండా మిగిలిపోతే కోర్.

ఆ తర్వాత ఎ-లెవెల్ (కేంబ్రిడ్జ్‌లో పదకొండు, పన్నెండు) మ్యాథ్స్ తీసుకోవాలన్నా, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్)లో పై స్థాయి మ్యాథ్స్ తీసుకోవాలన్నా స్కూళ్లు ఎక్స్‌టెండెడ్‌లో మంచి గ్రేడు అడుగుతాయి. తొమ్మిదో తరగతిలోనే సెక్షన్లు విడగొట్టే స్కూళ్లుంటాయి. మీ పిల్లలను ఏ సెక్షన్‌లో వేశారో, ఎందుకు వేశారో ఆ ఏడాదే కనుక్కోండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కూడా ఇదే కోర్, ఎక్స్‌టెండెడ్ విభజన ఉంది. వాటి గురించీ అడగండి.

ఫారం ఇచ్చేశాక మనసు మారితే

సీబీఎస్ఈలో జాబితా బోర్డుకు వెళ్లకముందైతే స్కూలుకు ఉత్తరం రాసి మార్పించుకోవచ్చు. ఫారం ఇచ్చిన తర్వాత జాబితా వెళ్లేదాకా కొన్ని రోజులుంటాయి. ఆ ఆఖరి తేదీ ఏదో ఫారం ఇచ్చేరోజే క్లాస్ టీచర్‌ను అడిగి రాసి పెట్టుకోండి.

ఫలితాలు వచ్చాక మారితే మొదట పెట్టిన నియమాల్లోనే ఒక దారి ఉంది. బేసిక్ పాసైన విద్యార్థి మ్యాథ్స్ చదవాలనుకుంటే, తర్వాత జరిగే కంపార్ట్‌మెంట్ పరీక్షల్లో (తప్పినవాళ్ల కోసం మళ్లీ పెట్టేవి) స్టాండర్డ్ రాయవచ్చు. స్టాండర్డ్‌లో ఫెయిలైనవాళ్లు కంపార్ట్‌మెంట్‌లో స్టాండర్డ్ గానీ బేసిక్ గానీ రాసుకోవచ్చు. 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండు బోర్డు పరీక్షలు వచ్చాయి కాబట్టి తేదీలు, ఫారాల పద్ధతి మారాయి. మొదటి పరీక్ష అందరూ రాయాల్సిందే, మే నెలలో జరిగే రెండోదాంట్లో మూడు సబ్జెక్టుల దాకా మార్కులు పెంచుకునే వీలుంది. స్థాయి మార్చుకునే ఉద్దేశం ఉంటే మీ ఏడాది సర్క్యులర్ స్కూలు ఆఫీసులో తీసుకుని చదివి, ఫలితాలు వచ్చిన వారంలోపే దరఖాస్తు పెట్టేయండి.

ఆరో సబ్జెక్టుగా ఐటీ లాంటి స్కిల్ సబ్జెక్టు తీసుకున్నవాళ్లకు ఇంకో రక్షణ ఉంది. మ్యాథ్స్‌లో తప్పినా ఆ స్కిల్ సబ్జెక్టు పాసైతే దాన్ని మ్యాథ్స్ స్థానంలో పెట్టి పాస్‌గా లెక్కగడతారు. ఏడాది వృథా కాకుండా ఇది కాపాడుతుంది. కానీ ఆ మెమోతో ఎంపీసీ అడగలేరు. దానికి కంపార్ట్‌మెంట్ రాసి మ్యాథ్స్ పాస్ కావాల్సిందే.